ఆవు కొమ్ముకు దండం, కొమ్ము తీసినోనికి దండన!

మల్కాజ్‌గిరిలో ఏ చౌరస్తాలో నిలబడ్డా ‘వైన్స్’ అనే బోర్డు కనబడుతుంది. మిర్జాలగూడలో అదే, ఆనంద్‌బాగ్‌లో అదే, నేరేడ్‌మెట్ పోయే తొవ్వలో అదే. వైన్ అంటే ద్రాక్షరసం పులిస్తే వచ్చేది. మరి పొద్దుగూకినాక ఆ దుకాణం ముందు నిలబడే మన అడ్డా కూలీల చేతిలోని సీసాలో ద్రాక్ష ఉందా? ఒక్క గింజ లేదు. చెరుకు మడ్డి నుంచో, నూకల నుంచో ఫ్యాక్టరీలో తీసిన స్పిరిట్టు, నీళ్లు, రంగు, వాసన. అంతే. దాని సర్కారీ పేరు ‘ఇండియన్ మేడ్ ఫారిన్ లిక్కర్’. మన దేశంలో చేసిన విదేశీ సరుకు! బోర్డు మీద ద్రాక్ష, సీసాలో మడ్డి. పేదోని వంతు వచ్చేసరికి పేరు కూడా కల్తీ అవుతుంది.

ఇది కింది అంతస్తు సంగతి. పై అంతస్తులో ఇప్పుడు ఇంకో వైన్ మాట నడుస్తున్నది. దాని పేరు ‘న్యాచురల్ వైన్’. అందులో నిజంగానే ద్రాక్ష ఉంటుంది. బయట కొన్న ఈస్టు వెయ్యరు. పండు తొక్క మీద, తోట గాలిలో ఉండే ఈస్టుతోనే పులియనిస్తారు. చెడిపోకుండా కలిపే గంధకపు మందు కలపరు, కలిపినా చిటికెడే. తేటగా వడపోయరు. మసకగా ఉంటే అదే గొప్ప. ద్రాక్ష ‘దేశవాళీ’ది కావాలి, సేద్యం ‘బయోడైనమిక్’ కావాలి. సీసా వేల రూపాయలు. గుక్క నోట్లో పోసుకొని ‘ఈ నేల రుచి తెలుస్తోంది’ అని కళ్లు మూసుకుంటారు.

వాళ్లు తాగితే మనకేంది, మనకెందుకీ గొడవ అని మనోళ్లే కొందరు అడుగుతారు. ఎందుకంటే ఆ సీసాలో నాలుగు సంగతులున్నాయి. పశువు, పులియబెట్టే విద్య, భూమి, కూలి. నాలుగింటి వెనకా మన చేతులున్నాయి. సీసా మీద మాత్రం మన పేరు లేదు. అందుకే ఈ గొడవ మనదే. ఒక్కొక్కటే చూద్దాం.

కొమ్ము ఎవరు తీస్తారు?

‘బయోడైనమిక్’ అనేది జర్మనీలో పుట్టిన మాట. 1924 జూన్‌లో రుడాల్ఫ్ స్టైనర్ అనే ఆయన కోబర్‌విట్జ్ అనే ఊళ్లో ఒక జమీందారు ఎస్టేటులో కూర్చొని సేద్యం మీద ఎనిమిది ఉపన్యాసాలిచ్చాడు. ఆ ఊరు ఇప్పుడు పోలండులో ఉంది. విన్నవాళ్లలో భూస్వాములు కూడా ఉన్నారు. రసాయన ఎరువులతో నేల చచ్చిపోతున్నదని వాళ్లకు దిగులు పట్టుకుంది. దిగులు నిజమే. ఆయన చెప్పిన మందుల్లో మొదటిది, నేటికీ అందరూ వాడేది, ‘500’ నంబరు మందు. ఈనిన ఆవు కొమ్ము తీసుకోవాలి. దాన్నిండా ఆవు పేడ కూరాలి. చలికాలమంతా భూమిలో పాతిపెట్టాలి. తవ్వి తీసి ఎకరానికి పాతిక ముప్పై గ్రాములు నీళ్లలో వేసి, గంటసేపు ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు కలియతిప్పి, చేనులో చల్లాలి. అమావాస్య, పున్నమి చూసుకోవాలి. చంద్రుడు ఏ రాశిలో ఉన్నాడో చూసుకోవాలి.

ఇంకా ఉన్నాయి. చామంతి జాతి పూలను ఆవు పేగుల్లో కూరి పాతాలి. ఓక్ చెట్టు బెరడును పశువు పుర్రెలో నింపి పాతాలి. ఇంకో పువ్వును పశువు కడుపులోని పొరలో చుట్టి పాతాలి. మరోదాన్ని దుప్పి మూత్రాశయంలో కట్టి వేలాడదీయాలి. ఇవన్నీ ఆ పద్ధతిలో రాసిపెట్టి ఉన్నవే. ముద్ర వేసి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలు ఉన్నాయి. ‘డిమీటర్’ అనే ముద్ర 1928 నుంచీ ఉంది.

ఇది శాస్త్రమా, నమ్మకమా అనే పంచాయితీ శాస్త్రవేత్తలకు వదిలేద్దాం. మేము అడిగేది ఒకే ప్రశ్న. ఆ కొమ్ము ఆవు తలకాయ మీదినుంచి ఎట్లా ఊడి వచ్చింది? ఆ పేగు కడుపులోంచి ఎట్లా బయటికొచ్చింది? ఆ పుర్రెను కడిగి శుభ్రం చేసిందెవరు? చచ్చిన ఆవు తానే లేచి కొమ్ము కోసి ఇవ్వదు కదా! పుస్తకంలో చంద్రుని నడక ఉంది, నక్షత్రాల లెక్క ఉంది. కత్తి పట్టుకున్న మనిషి మాత్రం లేడు.

ఆ మనిషి మనకు తెలుసు. ఊరవతల, వాడలో ఉంటాడు. మాదిగ అంటారు, చమార్ అంటారు, రోహిత్ అంటారు. ఊళ్లో గొడ్డు చస్తే కబురు వాడకే వచ్చేది. మోసుకుపోవడం వెట్టి, తోలు తియ్యడం వెట్టి. తోలు చేసి చెప్పు కుట్టి ఇస్తే తొడుక్కొని తిరిగినోడు, కుట్టినోన్ని చెప్పులతో తన వాకిలి ముందు నడవనియ్యలేదు.

1927లో మహద్‌లో బాబాసాహెబ్ అంబేడ్కర్ మనవాళ్లకు చెప్పాడు. చచ్చిన గొడ్ల మాంసం మానండి, ఆ మోత మానండి అని. మానిన ఊళ్లలో ఏమైంది? ఎందుకు మొయ్యవని కొట్టారు, కూలి బంద్ పెట్టారు. మొయ్యకపోతే తప్పు. మరి మోస్తే? 2002 అక్టోబరు 15న హర్యానాలో ఝజ్జర్ దగ్గర దులీనా పోలీసు చౌకీ ముందట అయిదుగురు దళితులను మూక కొట్టి చంపింది. ఆవును చంపారని పుకారు. 2016 జూలై 11న గుజరాత్‌లోని ఊనా దగ్గర చచ్చిన ఆవు తోలు తీస్తున్న మన తమ్ముళ్లను బట్టలూడదీసి, బండికి కట్టి, ఇనుప రాడ్లతో కొట్టి, ఆ వీడియో వాళ్లే తీసి పంచుకున్నారు. గుజరాత్ దూరమంటారా? అదే ఏడాది ఆగస్టులో మన తెలుగు గడ్డ మీద, అమలాపురంలో, కరెంటు షాకు కొట్టి చచ్చిన ఆవు తోలు తీస్తుంటే మన వాళ్లిద్దరిని చెట్టుకు కట్టి కొట్టారు.

ఇప్పుడు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక తోటలో ఆవు కొమ్మును రెండు చేతులా పట్టుకొని, దండం పెట్టి, భూమిలో పాతితే అది పవిత్ర సేద్యం. ఆ కొమ్మును ఆవునుంచి వేరు చేసిన చెయ్యి కనబడితే ఆ చెయ్యి విరగ్గొట్టాలి! కొమ్ము ‘భూమికీ ఆకాశానికీ వంతెన’ అవుతుంది, కొమ్ము తీసినోడు హంతకుడవుతాడు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో విద్యార్థులు పెద్దకూర పండుగ చేసి మా తిండి మాదని చెబితే రాళ్లు వేసిన వాళ్లకు, ఆవు పేగులో పూలు కూరిన మందు చల్లితే అభ్యంతరం లేదు. తెల్లోని పుస్తకంలో ఉంటే పేగు కూడా ప్రసాదమే!

మేము కొమ్ము కోసే పని మాకే కావాలని అడగడం లేదు. ఆ పని వెట్టిగా, కులంగా మా మెడకు చుట్టినందుకే మా కోపం. చేసే చెయ్యి లేకుండా ఆ సేద్యం లేదని తెలిసీ, ఆ చేతిని పుస్తకంలోంచి చెరిపేసినందుకే మా కోపం.

లందలో ఉన్నదే, గ్లాసులో ఉన్నది

ఇక రెండోది, విద్య.

వైన్ గురించి తెలిసినోళ్లు మాట్లాడేటప్పుడు ఒక మాట ఎక్కువ వాడతారు. ‘టానిన్’. ఎర్ర వైన్ తాగితే నాలుక మీద వగరుగా పట్టేస్తుంది చూడండి, ఆ గుణాన్ని ఇచ్చేది టానిన్. ద్రాక్ష తొక్కలో, గింజలో ఉంటుంది. వైన్ ఏళ్లకేళ్లు నిలవుండటానికి అది తోడ్పడుతుంది. టానిన్ బాగా కుదిరిందంటే సీసా ధర లేస్తుంది.

ఆ మాట ఎక్కడిదో తెలుసా? తోలు పదును చేసే పనినుంచి వచ్చిన మాట. ఐరోపాలో ఓక్ బెరడుతో తోలు నానబెట్టేవాళ్లు, ఆ పని పేరే ఈ పదార్థానికి పడింది. మన దగ్గర మాదిగలు అదే పని తంగేడు చెక్కతో చేశారు. పచ్చి తోలును సున్నపు నీళ్లలో వేసి వెంట్రుక ఊడదీసి, కండ గీకి, లందలో తంగేడు చెక్క నీళ్లు పోసి రోజుల తరబడి నానబెట్టేవాళ్లు. తోలులోకి టానిన్ ఎక్కాలి, అప్పుడే కుళ్లకుండా గట్టిపడుతుంది. ఎన్ని రోజులు ఉంచాలి, చెక్క ఎప్పుడు మార్చాలి, నీళ్ల రంగు ఎట్లా ఉండాలి – అన్నీ కంటితో, ముక్కుతో, వేలితో తేల్చేవాళ్లు. ఏ కాలేజీలో చదివారు?

లంద వాసనకు ఊరంతా ముక్కు మూసుకుంది. ఆ వాసన పేరు చెప్పి వాడను ఊరికి దూరం పెట్టింది. ఇప్పుడు అదే జాతి పదార్థం గాజు గ్లాసులో పోస్తే ముక్కు లోపల పెట్టి మరీ పీలుస్తున్నారు. నాలుక మీద తిప్పి తిప్పి పొగుడుతున్నారు. రసాయనం మారలేదు, కులం మారింది.

ఇట్లాంటిదే కల్లు సంగతి. గౌడన్న తెల్లవారకముందే మోకు, ముస్తాదు వేసుకొని తాటిచెట్టు ఎక్కుతాడు. గెల గీస్తాడు, లొట్టి కడతాడు. చుక్క చుక్క కారిన నీరు లొట్టిలో పడేటప్పటికే పులవడం మొదలవుతుంది. ఎవడూ ఈస్టు వెయ్యడు. గాలిలో ఉన్నది, లొట్టికి అంటుకొని ఉన్నది, అదే పని చేస్తుంది. పులవొద్దు, తియ్యగా ఉండాలంటే లొట్టి లోపల సున్నం రాస్తాడు, అది నీరా. పొద్దుటి కల్లు వేరు, పొద్దుగూకినాక కల్లు వేరు. తాటి కల్లు రుచి వేరు, ఈత కల్లు రుచి వేరు. పోతు తాడు కల్లు, పరుపు తాడు కల్లు అని చెట్టును బట్టి తేడా చెబుతాడు. ‘ఏ నేలలో పెరిగిందో ఆ రుచి’ అని వైన్ వాళ్లు పుస్తకాలు రాసిన సంగతి, మన గౌడన్న నాలుక మీద ఎప్పటినుంచో ఉంది. మందు లేదు, కొన్న ఈస్టు లేదు, వడపోత లేదు, మసకగా తెల్లగా ఉంటుంది. వాళ్ల లెక్క ప్రకారమే ఇది న్యాచురల్ వైన్ కాదా? పైగా కల్లులో మత్తు ఏ నాలుగైదు శాతమో. వైన్‌లో పన్నెండు, పద్నాలుగు శాతం. ‘వైన్స్’ దుకాణంలో దొరికే విస్కీలో నలభై రెండు శాతం పైన.

ఆదిలాబాద్ గోండన్న ఇప్పపువ్వు ఎండబెట్టి పులియబెడితే గుడుంబా కేసు. గౌడన్న కల్లు గీస్తే మొరటు తాగుబోతుల సరుకు. ఇంకొకరు ద్రాక్షను తనంత తాను పులవనిస్తే కళ, సంస్కృతి. పులియడం అందరికీ ఒకటే. గాలిలోని ఈస్టుకు ఏ కులమో తెలియదు. తెలిసింది మనుషులకే.

కల్తీ కల్లు తాగి జనం చస్తలేరా అని అడుగుతారు. చస్తున్నారు. 2025 జూలైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అది చెట్టు ఇచ్చింది కాదు, అల్ప్రాజోలం లాంటి మత్తు బిళ్లలు నీళ్లలో కలిపి కల్లు పేరుతో అమ్మే వ్యాపారం ఇచ్చింది. చెట్లు నరికి ప్లాట్లు చేసి, చెట్టు లేని చోట కల్లు దుకాణం నడుస్తుంటే, ఆ కల్లు ఎక్కడినుంచి వస్తుందో అడగాల్సింది సర్కారును. చచ్చింది మళ్లీ మనమే.

సర్కారు తరాజు

నిజాం కాలంలో ఆబ్కారీ చట్టం వచ్చింది, 1316 ఫసలీలో. చెట్టుకు పన్ను, దుకాణానికి వేలం, గీసినోనికి మిగిలేది గీతలు. రాజ్యం పోయింది, ఆబ్కారీ పోలేదు. 1968లో ఎక్సైజు చట్టమైంది. అటు బొంబాయి సర్కారు 1892లో ఇప్పపువ్వు మీదనే చట్టం చేసింది. పువ్వు ఏరుకొని దాచుకున్నా నేరమే. అడవిలో రాలిన పువ్వుకు కూడా పోలీసు కాపలా.

2004లో హైదరాబాద్ నగరంలో కల్లు దుకాణాలు మూసేశారు. విస్కీ దుకాణాలు మాత్రం తెరిచే ఉంచారు. పదేళ్ల తర్వాత 2014లో కల్లు దుకాణాలు మళ్లీ తెరిచారు. ఈ పదేళ్లలో ఎన్ని గీత కుటుంబాలు చెట్టు దిగి ఆటో నడిపాయో, వాచ్‌మన్ పనికి పోయాయో ఎవరు లెక్క పెట్టారు?

అటు మహారాష్ట్ర చూడండి. 2001లో ద్రాక్ష వైన్ కోసం ప్రత్యేక విధానం తెచ్చి, ఎక్సైజు సుంకంలో రాయితీలిచ్చారు. వైన్ అంటే వ్యవసాయం, రైతు బాగు అన్నారు. 2022 జనవరిలో సూపర్ మార్కెట్లలో వైన్ అమ్మొచ్చని ఆ రాష్ట్ర మంత్రివర్గం తీర్మానించింది కూడా. ద్రాక్ష పండించే రైతుకు మేలు జరిగితే మాకు సంతోషమే. కానీ పండు పులిస్తే వ్యవసాయం, చెట్టు నీరు పులిస్తే నేరం, పువ్వు పులిస్తే జైలు – ఈ తరాజు ఎవరు చేసింది? గోవా తన జీడిపండు ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది. మధ్యప్రదేశ్ ఆదివాసుల ఇప్పసారాను 2022లో ‘వారసత్వ మద్యం’ అని గుర్తించింది. వాళ్లకు కుదిరింది మనకెందుకు కుదరదు?

మన దగ్గర లెక్క వేరు. తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలు. 2023లో వాటికోసం దరఖాస్తు పెట్టుకోవడానికే ఒక్కొక్కరు 2 లక్షలు కట్టారు, తిరిగి రాని డబ్బు. 1,31,954 దరఖాస్తులు. 2,639 కోట్లు సర్కారు ఖజానాకు. ఇంకా ఒక్క సీసా అమ్మకముందే! 2021 నుంచి ఈ దుకాణాల్లో గౌడ్లకు 15 శాతం, ఎస్సీలకు 10 శాతం, ఎస్టీలకు 5 శాతం రిజర్వేషన్ పెట్టారు. చూడండి అన్నలారా, రిజర్వేషన్ ఎక్కడ ఉదారంగా దొరికిందో! భూమిలో వాటా అడిగితే లేదు. ప్రైవేటు ఉద్యోగంలో అడిగితే లేదు. మన వాడకే మందు అమ్మే దుకాణంలో మాత్రం పది శాతం. చీటీలో పేరు మనది వస్తుంది. లైసెన్సు ఫీజుకు లక్షల మీద లక్షలు పెట్టేదెవరు, గల్లా దగ్గర కూర్చునేదెవరు? ఎవరి వాడలో వాళ్లు చూసి చెప్పుకోండి.

షాహీ ద్రాక్ష, వెలి మనిషి

మూడోది భూమి, నాలుగోది కూలి. రెండూ విడదీయలేం.

మల్కాజ్‌గిరి దాటి కీసర, ఘట్‌కేసర్, శామీర్‌పేట, మేడ్చల్ పోయే తొవ్వల్లో ఒకప్పుడు ద్రాక్ష పందిళ్లు వరుసగా కనబడేవి. ‘అనాబ్-ఎ-షాహీ’ ద్రాక్ష. అనాబ్ అంటే ద్రాక్ష, షాహీ అంటే రాజులది. పొడుగు గింజ, పలచని తొక్క, గెల బరువు. హైదరాబాద్ తోటల్లో స్థిరపడి ఇక్కడినుంచే దక్షిణాదికి పాకింది. తర్వాత గింజలేని థామ్సన్ వచ్చింది. ఆ తర్వాత రియల్ ఎస్టేటు వచ్చింది. తోటలు చాలామటుకు వెంచర్లయ్యాయి. 2016లో జిల్లా పేరే మేడ్చల్–మల్కాజ్‌గిరి అయింది. పందిళ్లు పోయి కాలనీలు లేచాయి. భూమి ఉన్నోడు కోట్లకు ఎక్కాడు, పందిరి కింద పనిచేసినోడు అడ్డా మీద నిలబడ్డాడు.

ఇప్పుడు వైన్ వాళ్లు ‘దేశవాళీ ద్రాక్ష’ అని వెతుకుతున్నారు. దేశవాళీ అంటే ఏంది? ద్రాక్ష ఈ దేశానికి ఇరాన్, అఫ్గాన్ దిక్కునుంచి వచ్చిన తీగ. ‘బెంగళూరు బ్లూ’ అనే నల్ల ద్రాక్షకు మూలం అమెరికా. అయినా ఫరవాలేదు, వందేళ్లుగా ఈ నేలలో వేరు పట్టింది కాబట్టి దేశవాళీ అంటాం. సరే. ఒక తీగకు వందేళ్లు చాలు, ఈ మట్టి బిడ్డ అనిపించుకోవడానికి. మరి వేల ఏళ్లుగా ఈ మట్టిని తవ్విన మాల మాదిగలకు ఎన్ని ఏళ్లు కావాలి, ఊరి లోపలికి రావడానికి? తీగకు పందిరి వేశారు, మనిషికి వెలివాడ వేశారు.

ఆ పందిరి కింద పని సంగతి వినండి. తెలంగాణలో ద్రాక్షకు ఏడాదిలో రెండు కత్తిరింపులు, ఏప్రిల్‌లో ఒకటి, అక్టోబరులో ఒకటి. పందిరి తలకంటే ఎత్తు. ఆడవాళ్లు పొద్దంతా చేతులు పైకెత్తి, మెడ వెనక్కి వంచి, ఆకు తెంపాలి, గెలలో గింజలు పలచన చెయ్యాలి. గింజ లావు కావడానికి జి.ఎ. మందు గిన్నెలో పోసి ఒక్కొక్క గెలనూ ముంచాలి. ఆ నీళ్లు మోచేతుల మీదుగా జారి రైకలోకి పోతాయి. బూజు తెగులుకు మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టాలి. మొగవాళ్లు చేతి పంపుతో కొడుతుంటే పక్క సాలులో అక్కలు పనిచేస్తూనే ఉంటారు. చేతి తొడుగు లేదు, ముక్కుకు గుడ్డ కొంగే. ఇంటికొచ్చి ఆ కొంగుతోనే పిల్ల మూతి తుడుస్తారు.

బయోడైనమిక్ అయితే విషపు మందులు ఉండవు కదా, కూలోళ్లకు మేలే కదా అంటారు. విషం తగ్గితే మేలే, మేము కాదనం. కానీ ఆ పద్ధతిలోనూ గంధకం, కొంత రాగి మందు కొట్టనిస్తారు. కొట్టేది ఎవరు? యజమాని కాదు. అన్నిటికంటే పెద్ద సంగతి ఇది. ఆ పంచాంగంలో ఏ రోజు వేరుకు మంచిది, ఏ రోజు ఆకుకు మంచిది, ఏ రోజు పండుకు మంచిది అని రాసి ఉంటుంది. ఏ రోజు కూలికి మంచిదో రాసి ఉండదు. పౌర్ణమి చూసి ద్రాక్ష కోయించే దొరకు, కూలి డబ్బు ఇచ్చే తేదీ ఏ చంద్రుడూ గుర్తు చెయ్యడు.

మన వాడలో చాలామంది చర్చికి పోతారు. బల్లారాధన నాడు ద్రాక్షారసం తీసుకుంటారు. ద్రాక్షతోట కూలీల ఉపమానం విన్నవాళ్లే అందరూ. ఆ కథలో సాయంత్రం వచ్చినోనికి కూడా యజమాని పూర్తి రోజు కూలి ఇచ్చాడు. పొద్దు పొడవకముందే తోటకు పోయిన మన అక్కకు మొగోని కూలిలో ఎంత వంతు ఇస్తున్నారు? ద్రాక్ష మనకు కొత్త కాదు. కూలి న్యాయమే కొత్త.

మరి తాగమంటున్నారా?

ఇంతా విని ఒకరు తప్పక అడుగుతారు: మీరు మద్యాన్ని వెనకేసుకొస్తున్నారా? న్యాయమైన ప్రశ్న. సూటిగా చెబుతాం. లేదు.

సారా మన వాడలను ఎట్లా తినేసిందో మనకంటే ఎవరికి తెలుసు? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. కూలి చేసుకునే ఆడవాళ్లు ముందుండి రాష్ట్రమంతా కదిలించారు. 1993 అక్టోబరు 1 నుంచి సారా బంద్ అయింది. 1995 జనవరిలో పూర్తి నిషేధం వచ్చింది. 1997లో ఖజానా ఖాళీ అన్నారు, తలుపులు మళ్లీ తెరిచారు. ఆడవాళ్లు గెలిచింది సర్కారు ఓడించింది. బాబాసాహెబ్ 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో ఇప్పించిన ఇరవై రెండు ప్రతిజ్ఞల్లో మత్తు పానీయాలు ముట్టనన్నది ఒకటి. ఆ మాట మాకు శిరోధార్యం.

తాగొద్దనేది మన నిర్ణయం, మన ఆడవాళ్ల పోరాటం. కానీ తాగొద్దని మనకు నీతి చెప్పేవాళ్లే, తమ బల్ల మీద సీసాకు సంస్కృతి అని పేరు పెట్టుకుంటే నోరు మూసుకొని కూర్చోవాలా? మన తాగుడు రోగం, వాళ్ల తాగుడు రుచి! మన పులియబెట్టుడు నేరం, వాళ్ల పులియబెట్టుడు కళ! మన ఎరువు పెంట, వాళ్ల ఎరువు ‘విశ్వశక్తి’! మేము మద్యం వైపు లేము. ఈ రెండు నాల్కల ధర్మానికి ఎదురుగా ఉన్నాం.

ఎరువు సంగతి ఎత్తినాం కాబట్టి ఇంకొక మాట. సహజ సేద్యం జర్మనీనుంచి దిగుమతి కావాల్సిన పని లేదు. ఎండాకాలం చెరువు మట్టి తోలడం, చేనులో గొర్ల మంద కట్టడం, జొన్నలో కంది, అనుములు, పెసలు కలిపి చల్లడం మన తాతలు చేసినదే. జహీరాబాద్ వైపు పస్తాపూర్‌లో 1983నుంచి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో చేరిన ఆడవాళ్లు, ఎక్కువమంది దళితులు, రాళ్ల నేలను సాగులోకి తెచ్చారు. రసాయనాలు లేకుండా ఒకే చేనులో పదీ ఇరవై రకాలు పండించారు. విత్తనం ఇంట్లోనే బుట్టలో బూడిద, వేపాకు కలిపి దాచారు. కెమెరా పట్టుకొని తమ సినిమాలు తామే తీశారు. 2008లో సొంత రేడియో పెట్టారు. 2019లో వాళ్లకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఏ ఆవు కొమ్మూ పాతకుండానే! అక్కడ నేల బాగుపడింది, నేలతోపాటు మనిషి కూడా లేచి నిలబడ్డాడు. ఏ సేద్యాన్నయినా మేము కొలిచేది ఈ కొలతతోనే. నేల ఒక్కటే బాగుపడి మనిషి అట్లాగే ఉంటే అది సహజం కాదు. కులం కంటే అసహజమైన పురుగుమందు ఏ కంపెనీ తయారు చెయ్యలేదు.

మేము అడుగుతున్నది

ఒకటి. భూమి. 2014 ఆగస్టు 15న దళిత కుటుంబానికి మూడెకరాలని గొప్పగా మొదలుపెట్టిన పథకం కొద్దిమంది దగ్గరే ఆగిపోయింది. ఎస్సీల నిధికి 2013లో, మళ్లీ 2017లో చట్టాలున్నాయి. ఆ డబ్బుతో భూమి కొని, నీటి వసతితో, ఆడవాళ్ల పేరున పట్టా ఇవ్వాలి. ద్రాక్ష పండిస్తారో, జొన్న పండిస్తారో వాళ్లే చూసుకుంటారు.

రెండు. తోట కూలి. ఆడ మగ కూలి సమానం కావాలి. మందు కొట్టే రోజు తొడుగులు, ముసుగులు యజమాని ఇవ్వాలి. ‘న్యాచురల్’ అని ముద్ర కోరుకునే ఏ తోటకైనా ముందు కూలి రిజిస్టరు చూపించాలి. మట్టిలో వానపాములు లెక్కపెట్టేవాళ్లు కూలీల కడుపు కూడా లెక్కపెట్టాలి.

మూడు. చచ్చిన పశువును ఎత్తే పని ఏ కులానికీ కట్టిపెట్టొద్దు. మున్సిపాలిటీ, పంచాయతీ యంత్రాలతో, మంచి జీతంతో చేయించాలి. ఆ పనిచేసేవాని మీద చెయ్యి వేసినోని మీద అట్రాసిటీ కేసు పెట్టాలి, శిక్ష పడేదాకా నడపాలి.

నాలుగు. గీత, ఇప్పపువ్వు, తోలు – ఈ విద్యలను నేరాల జాబితాలోంచి తీసి విద్యల జాబితాలో రాయాలి. తాటి, ఈత వనాలు గీత సంఘాలకు ఇవ్వాలి. మత్తు బిళ్లల వ్యాపారిని జైలుకు పంపాలి. ఎవరైనా ఈ విద్యకు పేరు, గుర్తింపు తెచ్చుకుంటే ఆ హక్కు కంపెనీకి పోవద్దు, విద్య ఎవరిదో వాళ్ల సంఘానికే ఉండాలి.

అయిదు. మన వాడ మొగదల ‘వైన్స్’ వద్దని ఆడవాళ్లు గ్రామసభలోనో, బస్తీ సభలోనో తీర్మానిస్తే ఆ మాటే చెల్లాలి. ఖజానా పేరు చెప్పి దాన్ని తోసెయ్యొద్దు.

సంఘాల కార్యకర్తలకు ఒక పని. మీ వాడలో లంద నడిపిన ముసలివాళ్లు, పందిరి కింద పనిచేసిన అక్కలు, గీత గీసిన అన్నలు ఉంటారు. వాళ్ల దగ్గర కూర్చొని ఆ పని ఎట్లా చేసేవాళ్లో, ఎంత ఇచ్చేవాళ్లో రాసి పెట్టండి. రేపు ఎవడో వచ్చి దీన్ని తన పేరుతో పుస్తకంలో అచ్చు వేసుకోకముందే మన అక్షరాల్లో ఉండాలి.

సీసా మీద నేల పేరు రాస్తున్నారు, తోట పేరు రాస్తున్నారు, ద్రాక్ష జాతి పేరు రాస్తున్నారు, పండిన సంవత్సరం రాస్తున్నారు. పండించినోళ్ల పేరు రాసే దినం తెచ్చుకోవాల్సింది మనమే.

జై భీమ్!